అడ్డా మీది నుంచి అప్రెంటిస్‌షిప్‌కు: నిర్మాణ పనుల శిక్షణపై పాఠకుల ప్రశ్నలు

ఆఫీసు భవనాలు, ఆసుపత్రులు, మాల్స్, గోదాముల వంటి వాణిజ్య నిర్మాణాల్లో అప్రెంటిస్‌లుగా చేరడానికి పేద కుటుంబాల్లోని పెద్దవాళ్లు ఎలా సిద్ధపడాలని అడుగుతూ వచ్చిన లేఖల్లో కొన్నింటికి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాం. వారి కోరిక మేరకు పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: నా వయసు 34. తొమ్మిదో తరగతి వరకు చదివాను. హైదరాబాద్‌లో అడ్డా మీద నిలబడి ఎవరు ఏ పనికి పిలిస్తే దానికి వెళుతున్నాను. నెలలో 15, 16 రోజులు పని దొరికితే గొప్ప. సుమారు 14,000 రూపాయలు వస్తాయి. నా భార్య రెండు ఇళ్లలో పని చేసి 7,000 తెస్తుంది. అద్దె, బియ్యం, పిల్లల ఫీజులు, చిట్టీ అన్నీ కలిపి నెలకు 18,000 ఖర్చవుతుంది. గచ్చిబౌలి వైపు కడుతున్న పెద్ద భవనాల్లో నెల జీతం మీద చేరాలని ఉంది. ఈ వయసులో అప్రెంటిస్‌గా తీసుకుంటారా? శిక్షణ అయ్యేదాకా ఇల్లు ఎలా గడుస్తుంది?
(ఉప్పల్ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: మొదటి ప్రశ్నకు జవాబు సులువు. 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం కనీస వయసును 14 ఏళ్లుగా, ప్రమాదకరమైన పరిశ్రమలకు 18 ఏళ్లుగా నిర్ణయించింది కానీ గరిష్ఠ వయసు ఏదీ పెట్టలేదు. కొన్ని శిక్షణ పథకాలకు మాత్రం హద్దు ఉంది. గ్రామీణ పేద యువత కోసం 2014లో మొదలైన దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజనలో సాధారణంగా 35 ఏళ్ల వరకు, మహిళలకు, దివ్యాంగులకు 45 ఏళ్ల వరకు అవకాశం ఇస్తూ వచ్చారు. కొన్ని కంపెనీలు తమకు తామే ఒక వయసు గీత గీసుకుంటాయి కాబట్టి దరఖాస్తు పెట్టకముందే అడిగి తెలుసుకోవడం మంచిది. మీ చదువు కూడా అడ్డంకి కాదు. 2019లో సవరించిన నియమాలు అయిదో తరగతి పూర్తయినవారిని సైతం ఐచ్ఛిక వృత్తుల్లో, అంటే యజమాని తానుగా నిర్ణయించుకునే వృత్తుల్లో, అప్రెంటిస్‌లుగా చేర్చుకోవడానికి వీలు కల్పించాయి. ఈ వృత్తుల్లో శిక్షణ కాలం ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు ఉండవచ్చు.

మీ రెండో ప్రశ్నే అసలైనది. శిక్షణ పథకాలు రూపొందించేవారు ఆ ప్రశ్నను తమకు తాము వేసుకోవడం లేదన్నది నాకు చాలాకాలంగా ఉన్న బాధ. ఇరవై ఏళ్ల కుర్రవాడికి తల్లిదండ్రులు అన్నం పెడతారు, కాబట్టి అతను మూడు నెలలు ఊరికే నేర్చుకోగలడు. ముప్పై నాలుగేళ్ల తండ్రి పని మానుకుని తరగతిలో కూర్చుంటే మాత్రం ఆ రోజు ఇంట్లో కూలి డబ్బు తగ్గుతుంది. నేను చూసినంతలో శిక్షణను మధ్యలో వదిలేసిన పెద్దవాళ్లలో ఎక్కువమంది పని అర్థం కాక వదిలేసినవారు కారు, రెండో నెల అద్దె కట్టలేక అడ్డాకు తిరిగి వెళ్లినవారు.

అందుకని మీ ఇంటి లెక్క కాగితం మీద వేద్దాం. 2019 నియమాల ప్రకారం అయిదు నుంచి తొమ్మిది తరగతుల వరకు చదివినవారికి నెలకు కనీస స్టైపెండ్ 5,000 రూపాయలు, పదో తరగతి పాసైనవారికి 6,000, ఇంటర్ లేదా ఐటీఐ ఉన్నవారికి 7,000. రెండో ఏడాది అది 10 శాతం, మూడో ఏడాది 15 శాతం పెరుగుతుంది. మీరు చేరే నాటికి అమల్లో ఉన్న రేటును కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ వెబ్ పోర్టల్‌లో చూసుకోండి. మీకు 5,000 వస్తే, మీ భార్య సంపాదన కలుపుకుని 12,000 అవుతుంది. ఖర్చు 18,000. అంటే నెలకు 6,000 చొప్పున ఆరు నెలలకు 36,000 రూపాయల లోటు. అంతకుముందు మూడు నెలల ఉచిత వసతి శిక్షణకు వెళ్లారనుకుంటే, మీ భోజనం, బస్సు ఖర్చులు మిగిలి ఇంటి ఖర్చు 15,000కు తగ్గినా, ఆదాయం 7,000 మాత్రమే కాబట్టి మరో 24,000 లోటు వస్తుంది. ఈ రెండు అంకెలూ కళ్లముందు పెట్టుకుని, ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో తేల్చుకున్నాకే పేరు రాయించుకోండి.

డబ్బు సమకూర్చుకునే దారులు కొన్ని ఉన్నాయి. మొదటిది కాలాన్ని చూసుకోవడం. జూన్ నుంచి సెప్టెంబరు వరకు వానలకు అడ్డా మీద పనులు ఎలాగూ పలచబడతాయి, ఆ నెలల్లో శిక్షణకు వెళితే కోల్పోయే కూలి తక్కువగా ఉంటుంది. మీ చిట్టీ పాడుకునే వంతును శిక్షణ మొదలయ్యే నెలకు కుదుర్చుకోవచ్చు. మీ భార్య మహిళా సంఘంలో ఉంటే అక్కడి రుణం వడ్డీ భరించదగినది. రోజువారీ ఫైనాన్స్ జోలికి మాత్రం పోకండి, స్టైపెండ్ మొత్తం ఆ వడ్డీకే సరిపోతుంది. చట్టం చెప్పే స్టైపెండ్ కనీసం మాత్రమేనన్న సంగతి కూడా గుర్తుంచుకోండి. పెద్ద నిర్మాణ సంస్థలు అంతకన్నా ఎక్కువ ఇవ్వడానికీ, లేబర్ క్యాంపులో వసతి, భోజనం కల్పించడానికీ అడ్డేమీ లేదు, కనుక ఇంటర్వ్యూలో మొహమాటపడకుండా అడగండి.

చేరవలసిన చోట్ల విషయానికి వస్తే, హైదరాబాద్‌లో 1998లో ఏర్పడిన జాతీయ నిర్మాణ అకాడమీ, అందరూ న్యాక్ అని పిలిచే సంస్థ, తాపీ, ప్లంబింగ్, ఎలక్ట్రికల్, వెల్డింగ్, పెయింటింగ్ వంటి పనుల్లో స్వల్పకాలిక శిక్షణ ఇస్తుంది. ఎల్ అండ్ టీ సంస్థ 1995 నుంచి నడుపుతున్న నిర్మాణ నైపుణ్య శిక్షణ కేంద్రాల్లో ఒకటి జడ్చర్లలో ఉంది. ఏ పని ఎంచుకోవాలని మీరు అడగలేదు కానీ నా అభిప్రాయం చెబుతాను. ఇళ్ల నిర్మాణంలో లేని పనులు వాణిజ్య భవనాల్లో చాలా ఉంటాయి. అగ్నిమాపక పైపులైన్లు, ఏసీ డక్టులు (చల్లగాలి వెళ్లే గొట్టాలు), కేబుల్ ట్రేలు, ఫాల్స్ సీలింగ్, జిప్సం గోడలు, భవనం ముందు వైపు అద్దాల గోడలు అటువంటివి. తాపీ మేస్త్రీలు వీధికొకరు దొరుకుతారు, డక్టు బిగించడం వచ్చినవారు అంత తేలికగా దొరకరు. టేపు పట్టి కొలవడం, నిచ్చెన మీద నిలబడి పనిచేయడం మీకు అలవాటే కాబట్టి ఈ పైపు, డక్టు పనుల వైపు చూడమని నా సలహా.

ప్రశ్న: మాది నారాయణపేట జిల్లా. పన్నెండేళ్లుగా రాడ్ బెండింగ్ చేస్తున్నాను. ముంబై, పుణె, బెంగళూరు అన్నీ తిరిగాను. ఒక పెద్ద కంపెనీ ఎంపిక పరీక్షకు వెళితే డ్రాయింగ్ చేతికిచ్చి, ‘ఈ పిల్లర్‌కు 12 మీటర్ల రాడ్డు నుంచి ఎన్ని రింగులు వస్తాయి?’ అని అడిగారు. పది అన్నాను, పంపించేశారు. రింగు వంచి చూపించమంటే నిమిషంలో చూపించేవాడిని. రెండు నెలల్లో మళ్లీ పరీక్ష ఉంది. ఏం నేర్చుకోవాలి?

జవాబు: పాలమూరు కూలీలు దేశంలోని ఎన్నో ప్రాజెక్టుల్లో చెమటోడ్చారు. ఆ చేతి నైపుణ్యాన్ని ఎవరూ శంకించలేరు, మీలో దానికి లోటు ఉందని నేను అనుకోవడం లేదు. మేస్త్రీ లెక్క వేసి కోసి ఇస్తే మీరు వంచారు, పన్నెండేళ్లలో ఆ లెక్క మీ చేతికి ఒక్కసారి కూడా రాలేదు. మీకు కావలసినదల్లా ఆ కాస్త లెక్కే.

మీ పరీక్షలో ఇచ్చిన కొలతలు మీరు రాయలేదు కాబట్టి మామూలుగా కనిపించే ఒక పిల్లర్‌ను తీసుకుని చూద్దాం. పిల్లర్ 300 మిల్లీమీటర్లు, 450 మిల్లీమీటర్లు. నాలుగు వైపులా కవర్, అంటే రింగు వెలుపల ఉండే కాంక్రీటు మందం, 40 మిల్లీమీటర్లు. నిలువు రాడ్లను చుట్టి పట్టే రింగుకు వాడేది 8 ఎంఎం రాడ్డు. రెండు వైపుల కవర్ తీసేస్తే రింగు వెలుపలి కొలతలు 220, 370 అవుతాయి. చుట్టుకొలత ఆ రెండింటి మొత్తానికి రెండింతలు కాబట్టి 1,180. చాలామంది ఇక్కడే ఆగిపోయి, 12,000లో 1,180 పదిసార్లు పోతుందని చెబుతారు. బహుశా మీరూ ఇలాగే చెప్పి ఉంటారు. కానీ రింగుకు రెండు కొక్కేలు ఉంటాయి, ఒక్కో కొక్కేనికి రాడ్డు మందానికి పది రెట్లు, అంటే 80 మిల్లీమీటర్లు కావాలి. రెండింటికీ 160 కలిపితే 1,340. వంపు దగ్గర రాడ్డు కాస్త సాగుతుంది కనుక మూడు మూలల వంపులకు ఒక్కోదానికి మందానికి రెండు రెట్ల చొప్పున 48, రెండు కొక్కేల వంపులకు మూడు రెట్ల చొప్పున మరో 48, మొత్తం 96 తీసేయాలి. మిగిలేది 1,244 మిల్లీమీటర్లు, అదే కోత పొడవు. 12 మీటర్ల రాడ్డులో ఇది తొమ్మిదిసార్లు పోయి 804 మిల్లీమీటర్ల ముక్క మిగులుతుంది.

పదికీ తొమ్మిదికీ తేడా చిన్నదని అనుకోవద్దు. మూడు మీటర్ల పిల్లర్‌కు 150 మిల్లీమీటర్లకు ఒక రింగు చొప్పున 21 రింగులు పడతాయి. అటువంటి పిల్లర్లు 100 ఉంటే 2,100 రింగులు. తొమ్మిది చొప్పున లెక్కిస్తే 234 రాడ్లు కావాలి, పది చొప్పున లెక్కిస్తే 210 మాత్రమే తెప్పిస్తారు. 24 రాడ్లు, అంటే దాదాపు 114 కిలోల ఇనుము తక్కువపడి పని ఆగిపోతుంది. రాడ్డు బరువు తెలుసుకోవడానికి మిల్లీమీటర్లలో ఉన్న మందాన్ని మందంతో గుణించి 162తో భాగిస్తే మీటరుకు ఎన్ని కిలోలో వస్తుంది. ఈ ఒక్క సూత్రం కంఠస్థం చేసినా పరీక్షలో మీ మీద గౌరవం పెరుగుతుంది.

రెండు నెలల్లో రోజుకు గంట చొప్పున సాధన చేస్తే చాలు. అడుగులు, అంగుళాలు పక్కనపెట్టి మిల్లీమీటర్లలో ఆలోచించడం, దశాంశాలు, డ్రాయింగులో రాడ్డు మందం, మధ్య దూరం తెలిపే గుర్తులు, పిల్లర్లను అక్షరాలతో, అంకెలతో గుర్తించే గ్రిడ్ గీతలు, ఇవన్నీ ఏడో తరగతి లెక్కల స్థాయిని మించవు. మీ ఇంట్లో చదువుకునే పిల్లలుంటే వాళ్ల దగ్గరే కూర్చుని నేర్చుకోండి, అందులో నామోషీ ఏమీ లేదు. మీ సైటులో పనికిరాకుండా పడేసిన పాత డ్రాయింగు ఒకటి ఇంజనీరును అడిగి తెచ్చుకుని, ప్రతి సాయంత్రం ఒక పిల్లర్ లెక్క వేసి, మరునాడు సైటులో ఆ పిల్లర్‌ను టేపుతో కొలిచి సరిచూసుకోండి. ఇంకొక మాట. అనుభవం ద్వారా నేర్చుకున్న పనిని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో ఉంది. వీలు చూసుకుని తెలంగాణ ఓపెన్ స్కూల్ సొసైటీ ద్వారా పదో తరగతి కూడా పూర్తిచేయండి. స్టైపెండ్ పెరగడమే కాక, రేపు గల్ఫ్‌కు వెళ్లాలనుకున్నా పదో తరగతి పాసైనవారి పాస్‌పోర్టుకు వలస అనుమతి ముద్ర అవసరం ఉండదు.

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా, పని కోసం విశాఖపట్నం వచ్చాం. నేను, నా భర్త జంటగా కూలికి వెళతాం. ఇటుకలు, ఇసుక, సిమెంటు మోస్తాను. ఆయనకు తాపీ నేర్పారు, నన్ను మాత్రం తాపీ ముట్టుకోనివ్వరు. ఆడవాళ్లు అప్రెంటిస్‌లుగా చేరవచ్చా? నేను ఏ పని నేర్చుకుంటే బాగుంటుంది?

జవాబు: తప్పకుండా చేరవచ్చమ్మా, చట్టంలో స్త్రీ పురుష భేదం లేదు. భేదం ఉన్నది మేస్త్రీ పద్ధతిలో. జంటగా కూలికి పిలిచి, మగవాడికి పని నేర్పి, ఆడమనిషికి తట్ట ఎత్తే ఆచారం తరాలుగా సాగుతోంది, అందువల్ల ఇరవై ఏళ్లు సైటులో గడిపిన స్త్రీ కూడా హెల్పర్‌గానే మిగిలిపోతోంది. ఇది మారదని అనుకోవద్దు. గుజరాత్‌లో ‘సేవా’ అనే స్వయం ఉపాధి మహిళల సంఘం నుంచి పుట్టిన మహిళా హౌసింగ్ ట్రస్ట్ నిర్మాణ పనుల్లోని స్త్రీల కోసం కార్మిక అనే శిక్షణ పాఠశాలను నడిపి, తట్టలు మోసే స్త్రీలకు తాపీ, రంగులు, టైల్స్ పనులు నేర్పింది.

మీకు నా సలహా ఎలక్ట్రికల్ పని. పెద్ద భవనాల్లో కేబుళ్లను ట్రేల మీద సర్దడం, వాటికి నంబరు పట్టీలు కట్టడం, ప్యానెల్‌లో వైర్లు బిగించడం వంటి పనులకు బలం కన్నా క్రమం, ఓపిక ముఖ్యం. వైర్ల రంగులు తేడా లేకుండా గుర్తించగలగాలి కాబట్టి చేరకముందే కంటి పరీక్ష చేయించుకోండి. కొంత చదువు కావాలి. అది లేకపోతే పెయింటింగ్, టైల్స్ మంచి ఆరంభం.

కొన్ని విషయాలు ముందే తెలుసుకోవాలి. ఎత్తులో పనిచేసేటప్పుడు వేసుకునే సేఫ్టీ బెల్టు పట్టీలు భుజాల మీదుగా, తొడల చుట్టూ బిగుస్తాయి. చీర మీద అది సరిగ్గా కూర్చోదు, కూర్చోని బెల్టు పడిపోయినప్పుడు కాపాడదు. కాబట్టి చొక్కా, ప్యాంటు లేదా బిగుతైన పంజాబీ దుస్తులు, బూట్లు వేసుకోవడానికి మీరూ మీ ఇంట్లోవారూ ముందుగా మనసు సిద్ధం చేసుకోవాలి. అత్తమామలు ఒప్పుకోక మొదటి వారంలోనే ఇంటికి తిరిగి వచ్చిన అమ్మాయిలు నాకు తెలుసు. మీ గుంపులోంచి మరో ఇద్దరు ముగ్గురు స్త్రీలను కలుపుకుని ఒకే చోట చేరండి, ఒంటరిగా ఉన్న స్త్రీని సైటులో తట్ట వైపు నెట్టినంత సులువుగా నలుగురిని నెట్టలేరు. ఆడవారికి వేరే మరుగుదొడ్డి, బట్టలు మార్చుకునే గది ఉన్నాయా, రాత్రి పని ఉంటుందా, పిల్లలను ఎక్కడ ఉంచాలి అన్న ప్రశ్నలు చేరకముందే అడగండి. సమాధానం దాటవేసే కంపెనీని వదిలేయండి.

ప్రశ్న: అప్రెంటిస్‌షిప్‌కు ఏయే కాగితాలు కావాలి? మా వీధిలో ఒకాయన 8,000 రూపాయలు ఇస్తే చేర్పిస్తానంటున్నాడు.
(కర్నూలు నుంచి)

జవాబు: ఇవ్వకండి. అప్రెంటిస్‌గా చేరినవారికి కంపెనీ డబ్బు ఇవ్వాలి కానీ వారి దగ్గర తీసుకోకూడదు, పోర్టల్‌లో పేరు నమోదుకు రుసుము కూడా లేదు. ఆధార్, చదువు ధ్రువపత్రం, మీ పేరుతో బ్యాంకు ఖాతా, వాడుకలో ఉన్న ఫోన్ నంబరు ముఖ్యం. ఎక్కువ దరఖాస్తులు ఆగేది పేర్ల తేడాతోనే. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా, బడి సర్టిఫికెట్‌లో ఒక్క అక్షరంగా ఉండటం, పుట్టిన తేదీ రెండు చోట్ల రెండు రకాలుగా ఉండటం మనవాళ్లలో సర్వసాధారణం. మీసేవ లేదా ఆధార్ కేంద్రానికి వెళ్లి వీటిని ముందే సరిచేయించుకోండి. ప్రభుత్వ వాటా స్టైపెండ్ నేరుగా ఖాతాలో పడుతుంది కాబట్టి ఖాతాకు ఆధార్ అనుసంధానం అయిందో లేదో కూడా చూసుకోండి. బడికే వెళ్లనివారు అనుభవాన్ని పరీక్షించి ఇచ్చే సర్టిఫికెట్ దారిలో వెళ్లడం నయం.

ప్రశ్న: విజయవాడలో ప్లంబింగ్, ఫైర్ పైపుల సబ్ కాంట్రాక్టు చేస్తాను. నా దగ్గర 22 మంది ఉన్నారు. పేద కుటుంబాల నుంచి ఇద్దరు ముగ్గురిని అప్రెంటిస్‌లుగా తీసుకుని నేర్పాలని ఉంది. నిబంధనలు ఏమిటి? ఎంత ఖర్చవుతుంది?

జవాబు: మీ లాంటి చిన్న కాంట్రాక్టర్లు ముందుకు వస్తేనే ఈ పని సాగుతుంది, ఎందుకంటే పెద్ద కంపెనీ భవనమైనా అందులో పైపు బిగించేది చివరికి మీ మనుషులే. కాంట్రాక్టు సిబ్బందితో కలిపి 30 మంది, అంతకన్నా ఎక్కువ ఉన్న సంస్థలు 2.5 నుంచి 15 శాతం వరకు అప్రెంటిస్‌లను తప్పనిసరిగా తీసుకోవాలి. నలుగురి నుంచి 29 మంది దాకా ఉన్నవారికి అది ఐచ్ఛికం. మీరు ముగ్గురిని తీసుకోవచ్చు. 2016లో మొదలైన జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం కింద స్టైపెండ్‌లో 25 శాతాన్ని, నెలకు 1,500 రూపాయలకు మించకుండా, కేంద్రం భరిస్తుంది. 6,000 స్టైపెండ్ అయితే మీ చేతి నుంచి పోయేది 4,500. పోర్టల్‌లో సంస్థను నమోదు చేసి, ఒక్కొక్కరితో ఒప్పందం రాసుకుని, దాన్ని అక్కడే నమోదు చేయించాలి.

ఖర్చు గురించి మీరు అడగనిది ఒకటుంది. నియమం ప్రకారం ఒక నెల స్టైపెండ్‌ను మరుసటి నెల 10వ తేదీలోగా ఇస్తే చాలు. అంటే ఒకటో తేదీన చేరిన మనిషి 40 రోజులు ఉత్త చేతులతో పనికి రావాలి. అడ్డా కూలీకి సాయంత్రానికే డబ్బు చేతికి అందడం అలవాటు. దయచేసి మొదటి రెండు నెలలు వారానికోసారి కొంత అడ్వాన్సు ఇవ్వండి, చేరిన రోజే హెల్మెట్, బూట్లు మీరే కొని ఇవ్వండి. నిలబడే మనిషీ పారిపోయే మనిషీ తేలేది ఆ నలభై రోజుల్లోనే.

మొదటి నెలలో సైటు మీదికి కాక మీ యార్డులో పని పెట్టండి. పైపు కోయడం, మర పెట్టడం, రసమట్టం చూడటం, మురుగు గొట్టానికి వాలు ఇవ్వడం అక్కడ నేర్పవచ్చు. 60కి 1 చొప్పున వాలు ఇవ్వమంటే ఆరు మీటర్ల గొట్టం రెండో చివర 10 సెంటీమీటర్లు దిగాలని అతను తానుగా లెక్కగట్టి, బిగించి, నీళ్లు పోసి చూసుకున్న రోజు నుంచి మీకు ఒక పనివాడు ఉన్నట్టే. ఆ ముగ్గురికీ ఒక సీనియర్‌ను కేటాయించి, నేర్పినందుకు ఆయనకు నెలకు కొంత అదనంగా ఇవ్వండి. లేకపోతే తన పని పోతుందన్న భయంతో ఆయన నేర్పడు.

ప్రశ్న: వరంగల్‌లో మేము కొందరం స్వచ్ఛందంగా పేద కార్మికులకు సాయంత్రం తరగతులు నడపాలనుకుంటున్నాం. అమెరికాలో ఉన్న మా తమ్ముడు అక్కడ అప్రెంటిస్‌షిప్‌కు ముందు సన్నాహక శిక్షణ ఇస్తారని చెప్పాడు. అదేమిటి? మనకు పనికొస్తుందా?

జవాబు: అమెరికాలో 1937 నాటి జాతీయ అప్రెంటిస్‌షిప్ చట్టం కింద నమోదైన నిర్మాణ వృత్తుల శిక్షణ ఎక్కువగా మూడు నుంచి అయిదేళ్లు ఉంటుంది. ఏడాదికి దాదాపు 2,000 గంటలు సైటులో పని, 144 గంటలు తరగతి అన్నది అక్కడి మామూలు లెక్క. అప్రెంటిస్‌కు మొదటి రోజు నుంచే వేతనం వస్తుంది, నైపుణ్యం పెరిగిన కొద్దీ అది మెట్లు మెట్లుగా పెరుగుతుంది. అంత మంచి అవకాశం కాబట్టి పోటీ ఎక్కువ, లెక్కల పరీక్ష, ఇంటర్వ్యూ ఉంటాయి. ఆ గడప దాటలేని తక్కువ ఆదాయపు పెద్దవాళ్ల కోసం వచ్చినవే సన్నాహక తరగతులు. అక్కడి నిర్మాణ కార్మిక సంఘాల సమాఖ్య తయారుచేసిన ఉమ్మడి పాఠ్యక్రమం కనీసం 120 గంటలది. వృత్తి లెక్కలు, డ్రాయింగులు చదవడం, పనిముట్లు, భద్రత, ప్రథమ చికిత్స, వృత్తుల పరిచయం, ఇంటి డబ్బు లెక్క కూడా అందులో ఉంటాయి. ఒకే వృత్తిని నేర్పకుండా అన్నింటినీ రుచి చూపించి, ఎవరికి ఏది నప్పుతుందో తేల్చుకునే వీలు కల్పించడం దాని విశేషం.

మీరు అక్కడి నుంచి తెచ్చుకోదగిన విషయాల్లో నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది వరుస. అక్కడ మంచి కేంద్రాలు ముందు కంపెనీలతో, సంఘాలతో మాట్లాడి, ఎందరిని తీసుకుంటారో తెలుసుకుని, ఆ తర్వాత తరగతి మొదలుపెడతాయి. మన దగ్గర చాలా చోట్ల ముందు తరగతి నింపి, ఫోటో తీయించి, సర్టిఫికెట్లు పంచి, ఆ తర్వాత ఉద్యోగాల కోసం వెతుకుతారు. మీరు ఆ దారిలో వెళ్లవద్దు. వరంగల్, హనుమకొండలలో ఆసుపత్రులు, కాలేజీ భవనాలు కడుతున్న ముగ్గురు నలుగురు కాంట్రాక్టర్ల దగ్గరకు వెళ్లి, మీకు ఏ పనివాళ్లు కావాలి, వాళ్లకు ఏమి వస్తే తీసుకుంటారని అడిగి, వారు చెప్పినదాన్నే పాఠంగా పెట్టుకోండి. పదిమందికి చోటుంటే పన్నెండు మందిని చేర్చుకోండి, నలభై మందిని వద్దు.

సాయంత్రం తరగతి మంచి ఆలోచనే, పగటి కూలి పోదు. అయితే పొద్దంతా కాంక్రీటు మోసి వచ్చిన మనిషి రాత్రి ఎనిమిదికి బ్లాక్‌బోర్డు చూస్తూ కునుకు తీస్తాడు. తరగతి గంటన్నర మించకుండా, వచ్చీ రాగానే టీ, ఉప్మా వంటిది పెట్టి, పాఠం సగం చేతిపనిగా నడపండి. మూడు, నాలుగు, అయిదు మీటర్ల తాడుతో నేల మీద మూలమట్టం తేల్చమంటే నిద్రమత్తులోనూ లేచి నిలబడతారు. బస్సు ఛార్జీలు మీరే ఇవ్వండి, దాతల డబ్బును మైకులకూ ఫ్లెక్సీలకూ ఖర్చుపెట్టకుండా దీనికి ఖర్చుపెట్టండి. తల్లులు వస్తుంటే పక్క గదిలో పిల్లలను చూసుకునే మనిషి ఒకరు ఉండాలి. పెద్ద సైట్లలో ఎత్తు పనికి ముందు రక్తపోటు, మూర్ఛ, కంటిచూపు వంటివి పరీక్షిస్తారు కాబట్టి ఆ వైద్య పరీక్ష తరగతి మొదటి వారంలోనే చేయించి, పనికిరాదని తేలినవారిని నేల మీది పనుల వైపు మళ్లించండి. చివరి రోజు ఆ మాట చెబితే మనిషి కుంగిపోతాడు. చేర్పించిన తర్వాత కూడా ఆరు నెలల పాటు నెలకోసారి ఫోన్ చేసి కనుక్కునే బాధ్యత ఒకరికి అప్పగించండి.

ప్రశ్న: అప్రెంటిస్‌గా ఉండగా దెబ్బ తగిలితే ఎవరు చూసుకుంటారు? శిక్షణ అయ్యాక ఉద్యోగం ఇచ్చి తీరాలా? నా దగ్గర భవన నిర్మాణ కార్మికుల కార్డు ఉంది, అది ఉంచుకోవాలా?
(కరీంనగర్ నుంచి)

జవాబు: శిక్షణ పనిలో గాయమైతే కార్మికుల నష్టపరిహార నిబంధనల ప్రకారం యజమాని పరిహారం చెల్లించాలని అప్రెంటిస్‌ల చట్టం 16వ సెక్షన్ చెబుతోంది. ఉద్యోగం మాత్రం ఇచ్చి తీరాలన్న నియమం లేదు, ఒప్పందంలో ఆ మాట రాసి ఉంటేనే కంపెనీ కట్టుబడాలి. అందుచేత సంతకం చేయకముందే ఆ పేరా చదివించుకోండి. లేకపోతే రాయమని అడగండి. కార్డును వదులుకోకండి. 18 నుంచి 60 ఏళ్ల మధ్య వయసు ఉండి, గత 12 నెలల్లో 90 రోజులు నిర్మాణ పని చేసినవారికి అది దక్కుతుంది. చట్టం అప్రెంటిస్‌ను కార్మికుడిగా కాక శిక్షణ పొందేవాడిగా చూస్తుంది కనుక, చేరకముందే మీ జిల్లా కార్మిక శాఖ కార్యాలయానికి వెళ్లి కార్డు గడువు ఎప్పటిదాకా ఉందో చూసుకుని, దగ్గరపడితే పునరుద్ధరించుకోండి. ఒప్పందం ప్రతి ఒకటి మీ ఇంట్లో, దాని ఫోటో మీ భార్య ఫోన్‌లో ఉంచండి. సైటులో ఏదైనా జరిగితే ఆసుపత్రికి ముందు చేరేది ఇంట్లోవాళ్లే, కంపెనీ పేరు, ఒప్పందం నంబరు వారికి తెలిసి ఉండాలి.